మగ్గం ఆగినప్పుడు

వేణు మగ్గం ఆపితే గోడ అవతల ఝాన్సీ మగ్గం కూడా ఆగేది. ఇది ఏదో ఒకటి రెండుసార్లు జరిగిన సంగతి కాదు. పొద్దున చద్దన్నం తిని మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నది మొదలు, జరీ పోగు కంటికి ఆనకుండా పోయేదాకా, ఎప్పుడు ఆపినా అంతే. ఇవతల అడ్డపోగును మోసే నాడె ఆగుతుంది. అవతల ఇంకో నాలుగు పోగులు పడీ పడకుండా పడతాయి, ఆ తర్వాత అదీ ఆగుతుంది. వేణు మళ్లీ మొదలుపెట్టాడంటే కాసేపటికి అక్కడా మొదలు. ధర్మవరంలో గోడకు గోడ ఆనుకుని మగ్గాలున్న ఇళ్లు కావలసినన్ని. ఎవరి పని వాళ్లది, ఎవరి చప్పుడు వాళ్లది. ఒక మగ్గం ఇంకో మగ్గానికి బదులు చెప్పడం మాత్రం తన ఇంట్లోనే జరుగుతోందని వేణు నమ్మకం.

పనిలో అతనికి ప్రతి పోగు మీదా అనుమానమే. బుటా ఒక్క పోగు జరిగినట్టు తోచినా జానెడు విప్పి మళ్లీ నేసే రకం. అందుకే నేత పని ఇచ్చే సేటు తన ఖరీదైన చీరలన్నీ వేణు మగ్గానికే ఇచ్చేవాడు. అంత అనుమానపు మనిషికి ఝాన్సీ విషయంలో మాత్రం అన్నీ రుజువులే కనిపించేవి.

మగ్గం ఆపిన ప్రతిసారీ లేచి బయటికి వచ్చి అరుగు చివర నిలబడేవాడు. అక్కడ నిలబడితే పక్కింటి గడప, కిటికీ రెండూ కనిపిస్తాయి. మనిషి కనిపిస్తే ఆ పిల్లకు ధైర్యంగా ఉంటుందని అతని ఉద్దేశం. ఒకప్పుడు ఆ తలుపు పొద్దస్తమానం బార్లా తెరిచే ఉండేది. మగ్గం ఉన్న ఇంటికి వెలుతురు కావాలి కదా. ఇప్పుడు పట్టపగలు మూసి ఉంటోంది. కిటికీకి అట్టపెట్టె కోసి మేకులతో బిగించారు. దాని వెనకాల లైటు వేసుకుని నేస్తోంది. వీధి కొళాయి దగ్గరికి అత్త ముత్యాలమ్మే బిందెలు మోస్తోంది. అంగడికి పోవాల్సి వస్తే అత్త ముందు, కోడలు వెనక. ఇదంతా మొగుడు కిరణ్ చేస్తున్న పనేనని వేణుకు తెలుసు. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు కిరణ్. గట్టిగా ఒక మాట మాట్లాడి ఎరగడు. అలాంటి నెమ్మదస్తులే ఇంట్లో పెళ్లాన్ని బంధించి పెడతారని వేణు తీర్మానించుకున్నాడు.

ఝాన్సీ అతన్ని వేణన్నా అని పిలిచేది. మొదట్లో ఆ పిలుపుకి మనసు చివుక్కుమన్న మాట నిజమే. తర్వాత తర్వాత అర్థమైంది. అత్త చెవిన పడేటట్టు పిలవాలంటే పాపం ఇంకెలా పిలుస్తుంది? ఒకనాడు జరీ చుట్టిన కండె దొర్లుకుంటూ పోయి వాళ్ల గడప దగ్గర ఆగితే తీసిచ్చి, చూసుకోవాలి కదా అని నవ్వింది. ఆ నవ్వు మీద వేణు ఎన్ని చీరలు నేసుకున్నాడో అతనికే తెలియదు.

తల్లి తిప్పమ్మ రాట్నం ముందు కూర్చుని అతని మగ్గానికి కండెలు చుట్టేది. కొడుకు లేస్తున్నాడంటే ఆమె రాట్నం ఆగిపోయేది. కూర్చోరా, పని కానీ, అని ఒకటే మాట. ముసలివాళ్ల నస అనుకుని వేణు దాటుకుని వెళ్లిపోయేవాడు.

ఆ వారం వేణు మగ్గం మీది నిలువు పోగుల పడుగు అయిపోయింది. సేటు పంపిన కొత్త పడుగును పాతదాని కొసలకు అతకడానికి బుడన్‌సాబ్ వచ్చాడు. వీధిలో అందరి మగ్గాలకూ ఆయనే అతుకుతాడు. వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగు కొస ఒకటి, కొత్త పోగు కొస ఒకటి కలిపి, చిటికె వేసినంత సేపట్లో నులిమి పక్కకు తోసేస్తాడు. ఇలా వేల పోగులు. చూపు పోగు మీద, నోరు వీధి మీద. ఏ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరి కూతురికి ఓబులదేవరచెరువు సంబంధం కుదిరింది, అన్నీ ఆ వేళ్ల కిందినుంచే సాగుతాయి.

అతుకుడు అయ్యేదాకా మగ్గం ఆడదు. పొద్దుటినుంచీ వేణు మగ్గం మూగది. అవతలి మగ్గం కూడా పొద్దుటినుంచీ మూగదే. మధ్యలో ఎప్పుడో కాసేపు ఆడినట్టే ఆడి ఊరుకుంది. వేణుకు కడుపు నిండిపోయింది. తను పని చెయ్యని రోజు ఆమెకూ పని మీద మనసు పోవడం లేదన్నమాట. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి? ఊరికే లోపలికీ అరుగు మీదికీ తిరుగుతూ ఉన్నాడు.

అప్పుడన్నాడు బుడన్‌సాబ్, తల ఎత్తకుండానే, తిప్పమ్మతో.

"పక్కింట్లో పడుగు అయిపోవచ్చినాది గదా తిప్పక్కా, ఈడ కాంగానే ఆడికి వస్తానంటే వద్దనేసిరి. ఇంక అతికించుకోరంట. మగ్గం తీసేసి హిందూపురం పోతాండారు."

తిప్పమ్మ గొంతు సవరించుకుంది. కాఫీ తాగు సాబూ అంది. ఆయనకు ఆ సైగ అందలేదో, అందినా నోరు ఆగలేదో.

"ఆ పిల్లకు ఇష్టమే లేదంట. నిన్నంతా ఏడుస్తానే ఉండాదని ముత్యాలమ్మ చెప్పె. అట్లాటి చెయ్యి మగ్గం దిగితే యాడన్నా పనికొస్తాదా? ఏమి కష్టమొచ్చినాదో మరి."

వేణు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఇష్టం లేదంట. ఏడుస్తోందంట. ఇన్నాళ్లూ గోడ ఒక్కటే అడ్డం. రేపు హిందూపురం పోతే గోడ కూడా ఉండదు. చప్పుడు వినిపించని చోట ఆ పిల్లను పడేస్తే, ఇంక ఆమె ఎవరికి చెప్పుకుంటుంది? తిప్పమ్మ కొడుకు ముఖం చూసి, పోనీలేరా, వాళ్ల బతుకు వాళ్లది అంది. ఆ మాట అతనికి చాలా అన్యాయంగా వినిపించింది. సాటి ఆడమనిషి మీద ఇంత జాలి లేకుండా పోయిందేమిటి తన తల్లికి అని బాధపడ్డాడు కూడా.

ఆ సాయంత్రానికే అతని బుర్రలో అంతా సిద్ధమైంది. బుక్కపట్నంలో చెరువు కట్ట దగ్గర మేనమామ ఇల్లు ఖాళీగా ఉంది. మట్టి నేల, గుంట తవ్వుకోవడం సులువు. ఒకటి కాదు, రెండు గుంటలు, ఎదురెదురుగా. మధ్యలో గోడ ఉండదు. ఝాన్సీకి ఈ సంగతి చెప్పడం ఒక్కటే మిగిలింది.

చెప్పడానికే వీలు చిక్కలేదు. ఆదివారం పొద్దున్నే చిన్న లారీ వచ్చి పక్కింటి ముందు ఆగింది. మగ్గం విప్పడమంటే ఒక మనిషిని విప్పినట్టే. కిరణ్, అతని స్నేహితుడు కలిసి పైన బుటాలు తీసే జకార్డు దించారు, పలక దించారు, ఏళ్ల తరబడి నూనె చేతులు తగిలి నల్లబడిన కొయ్యలు ఒక్కొక్కటీ బయటికి తెచ్చారు. కొయ్యలన్నీ లారీలో పడ్డాక గుంట మిగిలింది. అద్దె ఇల్లు వదిలేవాళ్లు గుంట పూడ్చి, నేల చదును చేసి ఇవ్వాలి. అది ఇక్కడి మర్యాద. ముత్యాలమ్మ తట్టతో మట్టి తెచ్చి పోస్తోంది. ఝాన్సీ వంగి ఆ మట్టిని చేతులతో అదుముతోంది, ఏడుస్తోంది. చాలా రోజుల తర్వాత ఆ తలుపు బార్లా తెరిచి ఉండడంతో వేణుకు అంతా కనిపించింది.

ఆ ఏడుపు తన కోసమేనని వేణుకు రవ్వంత అనుమానం కూడా కలగలేదు. సాయం చేసే వంకతో అరుగు దిగి వెళ్లి ఒక కొయ్య అందుకోబోయాడు. కిరణ్ మెల్లగా ఆ కొయ్య రెండో కొస పట్టుకుని తన వైపు లాక్కున్నాడు.

"వద్దన్నా," అన్నాడు. "మేము చూసుకుంటాం. నువ్వు ఇంట్లోకి పో."

ఝాన్సీ తలెత్తి వేణును చూసి, చేతులకు మట్టి ఉండగానే లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయింది. మొగుడి ముందు మాట్లాడలేక అని వేణు అర్థం చేసుకున్నాడు. లారీ కదిలేటప్పుడు ఆమె డ్రైవర్ పక్కన అత్తకు అవతలగా, కొంగు నెత్తి మీదికి లాక్కుని కూర్చుంది. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. తిరిగితే ఏడుపు ఆగదని కాబోలు తిరగలేదు.

రెండు రోజులు వేణు కొత్త పడుగు మీద కూర్చున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. మూడోనాడు తనకు ఒంట్లో బాగాలేదని సేటుకు కబురు పెట్టి, తల్లికి పుట్టపర్తి ఆస్పత్రిలో స్నేహితుణ్ణి చూసొస్తానని చెప్పి, పెనుకొండ బస్సు ఎక్కాడు. హిందూపురంలో ఇల్లు ఎక్కడో అతనికి తెలియదు. ఇల్లు తెలిసిన మనిషి ఎక్కడ దిగుతాడో తెలుసు.

పెనుకొండ బస్టాండు దగ్గర టీ అంగట్లో మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. కొండ మీద కోట ఎండలో తెల్లగా మెరుస్తోంది. అంగడివాడు ఎవరి కోసమప్పా అని అడిగితే, చెల్లెలి మొగుడి కోసమని నోటికొచ్చింది చెప్పాడు. చెప్పాక ఆ అబద్ధానికి తనకే ఒళ్లు జలదరించింది. ఫ్యాక్టరీ బస్సు వచ్చి ఆగింది. నీలం చొక్కాల మధ్య కిరణ్ దిగాడు. ముఖం పీక్కుపోయి ఉంది. తప్పు చేసినవాడి ముఖం అలాగే ఉంటుంది మరి. హిందూపురం బస్సులో కిరణ్ ముందు సీట్లో కూర్చుని కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. వేణు వెనక సీట్లో కూర్చుని, ఆ నిద్రపోయే తలను కోపంగా చూస్తూ వచ్చాడు.

హిందూపురంలో దిగి, మార్కెట్ దాటి, సగం తెలుగూ సగం కన్నడమూ వినిపించే ఒక సందులోకి కిరణ్ తిరిగాడు. సందు మొదట్లో వేణు ఆగిపోయాడు. కిరణ్ వెళ్లిన ఇల్లు కనిపిస్తూనే ఉంది. తలుపు తెరిచే ఉంది. గడప మీద ముత్యాలమ్మ కూర్చుని ఎదురింటి ఆమెతో మాట్లాడుతూ చిక్కుడుకాయలు తుంచుతోంది. కిటికీ రెక్కలు రెండూ బయటికి తీసి ఉన్నాయి. వేణు చెవి రిక్కించాడు. ఎక్కడా మగ్గం చప్పుడు లేదు. ఆ తెరిచిన తలుపును ఎలా అర్థం చేసుకోవాలో అతనికి చప్పున తోచలేదు. ఎక్కడో దాచి ఉంటారని సర్దుకున్నాడు.

అప్పుడు అతని వెనకనుంచి ఆడవాళ్ల గుంపు ఒకటి వచ్చింది. గార్మెంట్స్ ఫ్యాక్టరీ వదిలిన వేళ. అందరి మెడల్లో గుర్తింపు కార్డులు, చేతుల్లో ఖాళీ క్యారియర్లు. ఒకామె ఏదో కన్నడంలో అంటే ఇంకొకామె పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వే ఆమె ఝాన్సీ.

వేణును చూడగానే ఆమె నవ్వు ఆగిపోయింది. పక్కనున్నవాళ్లు కూడా ఆగారు. వేణు రెండడుగులు ముందుకు వేశాడు. దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలు కదా, వచ్చేశాయి. బుక్కపట్నం ఇంటి సంగతి చెప్పాడు. రెండు గుంటల సంగతి చెప్పాడు. భయపడొద్దు, నేను వచ్చేసినా అన్నాడు.

"నీ మగ్గం నాతో మాట్లాడేది గదా ఝాన్సీ. నేను ఆపితే నువ్వు ఆపుతాంటివి. నాకంతా తెలుసు."

ఝాన్సీ అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది.

"నీ మగ్గం నిలిచినాదంటే నువ్వు లేసినావని అర్థం వేణన్నా," అంది. "నువ్వు లేస్తే మా వాకిలికాడికి వస్తావు. కండె మార్చుకునేదానికి ఆపినాడా, లేసేదానికి ఆపినాడా అని రవ్వంత సేపు చూస్తాంటి. మళ్లా ఆడకుంటే గుంటలోనుంచి లేసిపోయి గడియ పెట్టుకుంటాంటి. నీ మగ్గం మళ్లా ఆడేదాకా తలుపుకు ఆనుకోని నిలబడుకుంటాంటి. దినామూ అదే పని నాకు."

వేణు, కిటికీకి అట్ట కొట్టింది కిరణ్ కదా అన్నాడు. ఆమె అడ్డంగా తల ఊపింది. తనే కొట్టానంది. కిరణ్‌కు చెబితే కొట్లాటవుతుందని చానా రోజులు చెప్పనే లేదంది. చీకట్లో కళ్లు పొడుచుకుని నేసినా నెలకు ఒక చీర దిగేది కాదు, నువ్వు పడుగు అతికించుకున్న దినం నేను పొద్దంతా తలుపు కాడ్నే ఉన్నాను అంది.

మగ్గం ఎక్కడ పెట్టారని అడిగాడు వేణు. ఎందుకు అడిగాడో అతనికే తెలియదు.

"అమ్మేసినాం. ఈ ఇంట్లో బండలు పరిచుండారు, గుంట యాడ తవ్వేది? వచ్చిన మరుసటి దినమే ఫ్యాక్టరీలో చేరి చొక్కాలకు కాలర్లు కుడతాండా. మా నాయన నేర్పిన పని నాది. అది పూడ్చిపెట్టి వచ్చినా." ఆమె క్యారియర్ చేయి మార్చుకుంది. "మీ అమ్మ మొగం చూసి పోలీసుల కాడికి పోలేదు మేము. మగ్గం చప్పుడు ఇనుకో పాపా, అది నిలిస్తే గడియ పెట్టుకో అని నాకు చెప్పింది ఆయమ్మే. ఇంక పో."

ఆమె నడిచింది. మిగతా ఆడవాళ్లు ఆమెకూ అతనికీ మధ్యగా నడిచారు. వాళ్లలో ఒకామె మాత్రం వెనక్కి వెనక్కి చూస్తూ పోయింది. వీధిలో పిచ్చికుక్క ఉంటే మనం అలాగే చూస్తాం.

ధర్మవరం రైల్లో కూర్చున్నాక వేణు మళ్లీ పనిలో పడ్డాడు. అంతమంది ముందు ఆ పిల్ల ఇంకేం చెబుతుంది? మొగుడు నేర్పిన పాఠం ఒప్పజెప్పింది. పెనుకొండ వచ్చేసరికి ఆ మాటలన్నీ విప్పి, తనకు కావలసినట్టు సగం నేసేశాడు. నవ్వు ఆగిపోవడం, చేయి మార్చుకోవడం, అన్నీ అందులో ఇమిడాయి. ఒక్క పోగు మాత్రం ఎటు లాగినా కుదరలేదు. అమ్మ పేరు ఎందుకు ఎత్తింది? కిరణ్ నేర్పిన పాఠంలో అమ్మ ఎందుకుంటుంది? ధర్మవరం స్టేషన్ దిగేదాకా ఆ ఒక్క పోగు పట్టుకుని పీకుతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి తిప్పమ్మ దీపం పెట్టి, రాట్నం పక్కకు జరిపి, అన్నం వడ్డించింది. ఎక్కడికి పోయావని అడగలేదు. వేణు కంచం ముట్టకుండా అడిగేశాడు. ఆమె కాదనలేదు. ముంత కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేనే చెప్పినా. నిన్ను కట్టేసి కూర్చోబెట్టేంత బలం నాకు లేదు గదరా. ఆ మగ్గం ఒకటే నిన్ను పట్టుకోనుండేది. అది ఆడినంతసేపు నా కొడుకు కూర్చున్నాడని నాకు ధైర్యం. నాకుండే ఆ ధైర్యం ఆ పిల్లకు కూడా ఇచ్చినా."

నాకు ఎందుకు చెప్పలేదని వేణు అడిగాడు. చెప్పాననే అంది తిప్పమ్మ. కూర్చోరా, కూర్చోరా అని దినమూ చెప్పాను, ఇంకెట్ల చెప్పాలి కన్నతల్లి, అంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. అవి ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. వేణుకు తల్లి మీద కోపం రావాలి, రాలేదు. సిగ్గు వచ్చింది. అది ఎంత వచ్చిందంటే, ఎదురుగా ఉన్న అన్నం ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున గుంటలోకి దిగాడు. కొత్త పడుగు బిగుతుగా ఉంది. బుడన్‌సాబ్ అతుకులు ఒక్కటి కూడా తెగలేదు. తాడు లాగాడు, నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. అయినా అలవాటు కదా, కాసేపు నేసి, చెయ్యి దానంతటదే ఆగింది. చెవి గోడ వైపు పోయింది. అక్కడ చదును చేసిన నేల తప్ప ఏముంటుంది? అలాగే కూర్చున్నాడు.

అప్పుడు ఎదురింట్లో తలుపు మూసిన చప్పుడు వినిపించింది. వెంటనే గడియ పడింది. అది దాసమ్మ ఇల్లు. ఆమె కూతురు అశ్విని నర్సింగ్ చదువుతూ ఉంటుంది. కాసేపటికి దాని అవతలి ఇంట్లో కూడా కిటికీ రెక్కలు దగ్గరికి లాగిన చప్పుడైంది. ఆ చప్పుళ్లు కొత్తవి కావు. దినమూ విన్నవే. ఇన్నాళ్లూ అతను ఒక్క గోడకే చెవి పెట్టుకుని కూర్చున్నాడు గనుక, వీధిలో మిగతా తలుపులు ఎందుకు మూసుకుంటున్నాయో పట్టించుకోలేదు.

తల్లి వైపు చూశాడు. ఆమె రాట్నం మీద చెయ్యి పెట్టి, అతను లేస్తాడా లేవడా అని ఎదురుచూస్తోంది. ఆమె ముఖంలో భయం ఉంది. కొడుకు కోసం భయం కాదు, కొడుకంటేనే భయం. దాన్ని ఇంకోలా అర్థం చేసుకోవడానికి వేణు చాలా ప్రయత్నించాడు. చేతకాలేదు.

తాడు అందుకుని గబగబా లాగాడు. మగ్గం ఆడింది. కొంతసేపటికి ఎదురింటి గడియ తీసిన చప్పుడైంది. వేణు నేశాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి, నేశాడు. దాహమైంది, నేశాడు. మధ్యాహ్నానికి అశ్విని అరుగు మీద కూర్చుని ఫోన్లో ఎవరితోనో మాట్లాడడం మగ్గం చప్పుడులోనే లీలగా వినిపించింది. తిప్పమ్మ అన్నానికి పిలిచింది. తలెత్తకుండా తర్వాత అన్నాడు.

కండెలో పోగు అయిపోవస్తోంది. మార్చాలంటే ఆపాలి. ఇంకో రెండు మూడు పోగులకు మించి రాదు.

"అమ్మా," అన్నాడు, చెయ్యి ఆపకుండానే. "దాసమ్మ వాళ్లకు చెప్పిరా. కండె మార్చుకునేదానికి ఆపుతాండా అని. లేసేదానికి కాదని చెప్పు."

తిప్పమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, మెల్లగా వీధిలోకి నడిచింది.